ఆ భాషలో ఇల్లు ఎప్పుడూ బహువచనమే

(ఒక గ్రంథాలయ సభలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం. ఇంత వానలోనూ వచ్చారు, చాలా సంతోషం.

2007 జులైలో నేను పెళ్లయి డబ్లిన్ వెళ్లాను. ఊరికి పడమటి వైపు శివారు, బ్లాంచర్డ్స్‌టౌన్. మా ఇంటికీ పక్కింటికీ నడిమి గోడ ఒకటే. మావారు పొద్దున్నే ఆఫీసుకు వెళ్లిపోతే ఇంట్లో నేనొక్కదాన్నే. వెళ్లిన మూడో రోజో నాలుగో రోజో గోడ అవతల ఒక పసిపిల్ల ఏడుపు వినబడింది. ఏడుస్తూ ఏదో అంటోంది. చెవి ఆనించి వింటే "నమో... నమో..." అంటోంది. ఎవరో మనవాళ్లే కాబోలు, పిల్లకు శ్లోకం నేర్పుతుంటే మారాం చేస్తోంది అనుకున్నాను. ప్రాణం లేచొచ్చింది. అమ్మ కట్టిచ్చిన జంతికలు ఒక డబ్బాలో పోసుకుని వెళ్లి తలుపు కొట్టాను.

తలుపు తీసినావిడకు ముప్పై ఆరు, ముప్పై ఏడేళ్లుంటాయి. నిద్రలేని కళ్లు. చంకలో నాలుగేళ్ల పిల్ల. పిల్ల నన్ను చూసి ఒక్క క్షణం ఏడుపాపింది. మళ్లీ వాళ్లమ్మ మెడ పట్టుకుని "నమో" అంది.

వాళ్లది లిథువేనియా. వాళ్ల భాషలో "నమో" అంటే "ఇంటికి" అని. కన్నతల్లి చంకలో ఉండి ఆ పిల్ల ఇంటికి తీసుకుపొమ్మని ఏడుస్తోంది. తల్లీ తండ్రీ 2005లో ఐర్లండ్ వచ్చేశారు. పిల్ల రెండేళ్లు అమ్మమ్మ దగ్గర పెరిగింది. నేను డబ్లిన్‌లో దిగడానికి సరిగ్గా రెండు వారాల ముందు దాన్ని తెచ్చుకున్నారు. దానికి ఇల్లంటే పనెవెజీస్ పట్టణం దగ్గర పల్లెలో అమ్మమ్మ ఉండే ఇల్లు. ఈ ఇంట్లో ఉన్నది ఎవరో ఒకావిడ.

ఆ తల్లిని నేను మొదటి రోజు నుంచీ అక్క అనుకున్నాను, ఇక్కడా అలాగే అంటాను. వాళ్లెవరి పేర్లూ చెప్పను. పదిహేడేళ్లు గోడ పంచుకున్నాం. ఈ రోజు నేను చెప్పబోయేదంతా ఆ గోడ పక్కనుంచి నేర్చుకున్నదే. పుస్తకాల్లో చదివింది ఆ తర్వాత చదివింది.

ఆ "నమో"కూ మన "నమో"కూ చుట్టరికం లేదు లెండి. కానీ ఆ భాషకూ సంస్కృతానికీ మాత్రం ఉంది. అగ్నిని వాళ్లు ఉగ్నిస్ అంటారు. ధూమాన్ని దూమస్ అంటారు. కొడుకును మనం సూనుడు అంటే వాళ్లకు సూనుస్. ఇప్పటికీ జనం నోట్లో ఉన్న ఇండో-యూరోపియన్ భాషల్లో పాత రూపాలను ఇంత భద్రంగా దాచుకున్న భాష ఇంకోటి దొరకడం కష్టమని భాషావేత్తలు చెబుతారు. వాళ్లకొక సామెత ఉంది. దేవుడు పళ్లిచ్చాడు, రొట్టె కూడా ఇస్తాడు అని. అందులో దేవుడికి మాట దియెవస్, పళ్లకు మాట దంతిస్. అక్క ఆ సామెత చెప్పిన రోజు నేను "నారు పోసినవాడు నీరు పోయడా" అన్నది చెప్పాను. ఆవిడకు అర్థమయ్యేలా చెప్పడానికి వరి నాట్ల గురించి అరగంట చెప్పాల్సి వచ్చింది. అంతా విని ఒకటే మాట అంది. "మా దగ్గర పళ్లున్నాయి, నేల ఉంది, రొట్టె కూడా ఉండేది. జీతమే లేదు."

ఆ దేశం 1990 మార్చి 11న సోవియట్ యూనియన్ నుంచి విడిపోతున్నట్టు ప్రకటించుకుంది. అప్పటికి జనాభా దాదాపు 37 లక్షలు. ముప్పై ఏళ్లు తిరిగేసరికి 28 లక్షలు. మన ఒక పెద్ద జిల్లా జనాభా ఎంతో, ఆ దేశం మొత్తం అంత. అందులోంచి ఇంతమంది వెళ్లిపోతే ఊళ్లెలా ఉంటాయో ఊహించండి. 2004 మే 1న వాళ్లు యూరోపియన్ యూనియన్‌లో చేరారు. పాత సభ్యదేశాల్లో చాలావాటి కన్నా ముందు, చేరిన రోజునే, పనికి తలుపులు తెరిచినవి మూడు: బ్రిటన్, ఐర్లండ్, స్వీడన్. లండన్‌లో బెక్టన్, ఇంగ్లండ్ తూర్పున పీటర్‌బరో, బాస్టన్, విస్‌బెచ్ లాంటి ఊళ్లలో కూరగాయల పొలాలు, ప్యాకింగ్ షెడ్లు. ఐర్లండ్‌లో ఇళ్ల కట్టుబడి, మాంసం ఫ్యాక్టరీలు, పుట్టగొడుగుల ఫారాలు.

ఈ పుట్టగొడుగుల గురించి కొంచెం ఆగి చెప్పాలి. అక్క మొదటి ఏడాది పనిచేసింది మోనాఘన్ కౌంటీలో ఒక పుట్టగొడుగుల ఫారంలో. పొడుగాటి షెడ్లు, లోపల ఒకదానిమీద ఒకటి అరలు. వాటిలో ఎరువు, నల్లమట్టి పరిచి ఉంటాయి. తేమ, ట్యూబులైట్లు, పగలో రాత్రో తెలియదు. పై అరలు అందడానికి కదిలే బల్ల మీద నిలబడాలి. ఒక చేత్తో గొడుగు మెలితిప్పి లాగాలి, రెండో చేత్తో చిన్న కత్తితో కాడ కోయాలి, సైజు చూసి బుట్టలో వేయాలి. ఎన్ని పౌన్లు కోస్తే అంత డబ్బు. గొడుగు మీద గోరు పడితే ఆ బుట్ట లెక్కలోకి రాదు. ఆవిడ బొటనవేలి పక్కన ఆ కత్తి చేసిన కాయ ఇప్పటికీ ఉంది.

మరి వాళ్ల దేశంలో పుట్టగొడుగులంటే ఏమిటో తెలుసా? పండగ. వేసవి చివర, శరదృతువు మొదట్లో తెల్లవారకముందే బుట్టలు పట్టుకుని ఇంటిల్లిపాదీ అడవికి పోతారు. ఎక్కడ ఏది దొరుకుతుందో అమ్మమ్మలకు తెలుసు, ఆ చోటు బయటివాళ్లకు చెప్పరు. అన్నిటికీ రాజు బరవీకస్ అనే లావుపాటి గోధుమరంగు గొడుగు. దాన్ని కోసి, దారానికి గుచ్చి పొయ్యి దగ్గర ఆరబెడతారు. అలా అడవికి పోయి పుట్టగొడుగులు ఏరడానికే వాళ్ల భాషలో ఒక ప్రత్యేకమైన క్రియాపదం ఉంది. అదే పని ఇక్కడికొచ్చి పౌన్ల లెక్కన చేసింది ఆవిడ. ఒక ఏడాది సెప్టెంబర్‌లో నన్ను విక్లో కొండల అడవికి తీసుకెళ్లింది. ఆకుల కింద ఒక బరవీకస్ కనబడితే వెంటనే కోయలేదు. మోకాళ్ల మీద కూచుని, చుట్టూ నాచు వేళ్లతో సర్ది, కాసేపు చూసింది. "ఫారంలో ఇన్ని లక్షలు కోశాను, ఒక్కదాని వాసనా నాకు గుర్తులేదు" అంది.

ఆదివారం పొద్దున మా వీధి చివర సూపర్‌మార్కెట్ పార్కింగులోకి తెల్ల మినీబస్సు ఒకటి వచ్చేది. లిథువేనియా నుంచి పోలండ్, జర్మనీ మీదుగా రోడ్డున వచ్చి, ఓడలెక్కి, డబ్లిన్‌లో దిగేది. రెండు మూడు రోజుల ప్రయాణం. వెనక తలుపు తీస్తే పెట్టెలే పెట్టెలు. ఒక్కోదాని మీద మార్కర్‌తో పేరు. డ్రైవరు పేర్లు పిలుస్తుంటే చుట్టూ జనం. మన ఊళ్లో బస్టాండ్ దగ్గర పార్సిల్ ఆఫీసు ముందు నిలబడ్డట్టే ఉండేది నాకు. అమ్మమ్మ పంపిన పెట్టెలో దొడ్లో కాసిన యాపిళ్లు, ఎండు పుట్టగొడుగుల దండ, పొగపెట్టిన పంది కొవ్వు, జామ్ సీసాలు. సీసాలు పగలకుండా వాటికి చుట్టిన పాత స్వెటర్లు. ఆ స్వెటర్లు కూడా పెట్టెలో భాగమే, పిల్ల వాటిని వేసుకుని వాసన చూసుకునేది. వీటన్నిటికీ అడుగున రొట్టె.

నల్లటి రై రొట్టె. మనకు అన్నం ఎంతో వాళ్లకది అంత. కింద పడితే తీసి కళ్లకద్దుకున్నట్టు ముద్దు పెట్టుకుంటారు. ఆ రొట్టె అడుగుభాగం చూస్తే ఏదో ఆకు ఈనెల అచ్చు పడి ఉంది. ఏమాకు అనడిగితే పేరు చెప్పింది, నాకు తెలియలేదు. పొయ్యిలో పిండి అంటుకోకుండా, వాసన పట్టడానికి కింద పరుస్తారట. తర్వాత ఫొటో చూస్తే తెలిసింది, అది వస. మనం పిల్లలకు మాటలు రావాలని నాలుక మీద అరగదీసి రాస్తామే, ఆ వస. ఎక్కడి బాల్టిక్ తీరం, ఎక్కడి మా నాయనమ్మ సానరాయి! ఆ రోజు నాకు మా నాయనమ్మ గుర్తొచ్చి ఏడ్చాను. అక్క ఏమీ అడగలేదు. ఒక ముక్క కోసి వెన్న రాసి చేతిలో పెట్టింది.

పెట్టె మీద రాసిన పేరు గురించి కూడా చెప్పాలి. వాళ్లలో మొగుడి ఇంటిపేరు కజ్లౌస్కస్ అయితే పెళ్లాం పేరు కజ్లౌస్కియెనె, కూతురి పేరు కజ్లౌస్కాయితె. ఇది వాళ్లలో బాగా వాడుకలో ఉన్న ఇంటిపేరు కాబట్టి ఉదాహరణకు చెబుతున్నాను. ఒక్క ఇంటిపేరే, మనిషిని బట్టి చివర మారుతుంది. ఒకసారి ఏదో కౌంటర్‌లో పాప కాగితాలు చూసి, ఈ పిల్ల మీ పిల్లే అనడానికి రుజువేమిటి, మూడు వేరు వేరు ఇంటిపేర్లు ఉన్నాయే అన్నారు. అక్క ఆ రోజు ఇంటికొచ్చి గోడ మీద తట్టింది. వెళ్తే, వంటగదిలో కూచుని ఉంది. "నా కూతురు నా కూతురేనని ఇంగ్లీషులో నిరూపించాను" అంది. వందేళ్ల కిందట స్కాట్లండ్ బొగ్గు గనులకు వెళ్లిన వాళ్లకు ఈ రుజువు చేసుకునే అవకాశమే దక్కలేదు. పేర్లు పలకలేక అక్కడివాళ్లు స్మిత్ అనో బ్లాక్ అనో రాసేసుకున్నారు. లానార్క్‌షైర్‌లో ఇప్పటికీ ఆ పేర్ల కింద లిథువేనియా మనుమలున్నారు.

ఇంకోటి. మనం రాముడిని పిలిచేటప్పుడు "రామా" అంటాం, కృష్ణుడిని "కృష్ణా" అంటాం. వాళ్లకూ ఈ సంబోధన ఉంది. యోనస్‌ను పిలవాలంటే "యోనయ్" అనాలి. అక్క భర్త కట్టుబడి పనిలో పదిమందితో కలిసి తిరిగేవాడు, అందరూ ఆయన్ను పిలిచేవాళ్లు. కానీ ఆ చివరి అక్షరం మార్చి పిలిచేది భార్య, ఫోన్లో అత్తగారు. అంతే. రోజంతా ఎవరూ నన్ను పిలవలేదు, నా పేరు మాత్రం చదివారు అన్నాడొకసారి. నేను మరిచిపోలేని మాట అది.

ఈ వలస 2004తో మొదలు కాలేదు. 1864 నుంచి 1904 దాకా రష్యా జార్ ప్రభుత్వం లిథువేనియా భాషను లాటిన్ లిపిలో అచ్చు వేయడాన్ని నిషేధించింది. నలభై ఏళ్లు. పక్కనున్న ప్రష్యాలో అచ్చేసి, రాత్రిళ్లు మూటలు మోసుకుని సరిహద్దు దాటించేవాళ్లు. పట్టుబడితే సైబీరియా. ఆ పుస్తకాల మోతగాళ్ల పేరున మార్చి 16న ఇప్పటికీ ఒక రోజు జరుపుకుంటారు. సరిగ్గా ఆ కాలంలోనే వేలూ లక్షలుగా జనం అమెరికా ఓడలెక్కారు, పెన్సిల్వేనియా బొగ్గు గనులకు, షికాగో పశువధశాలలకు. సొంతూళ్లో అచ్చుకు నోచుకోని భాషలో అక్కడ పత్రికలు పెట్టుకున్నారు. 1909లో మొదలైన ద్రౌగస్ అనే పత్రిక ఇంకా షికాగో నుంచి వస్తోంది. ఆ మాటకు స్నేహితుడు అని అర్థం. గ్రంథాలయంలో నిలబడి మాట్లాడుతున్నాను కాబట్టి ఇది గట్టిగా చెప్పాలనిపిస్తోంది: ఒక భాష నలభై ఏళ్లు పరాయి నేల మీద అచ్చయి, మూటల్లో ఇల్లు చేరింది.

అలా అమెరికా వెళ్లినవాళ్ల చందాలతో ఒక విమానం సిద్ధమైంది. దాని పేరు లిటువానికా. స్టెపోనస్ దారియుస్, స్తాసీస్ గిరేనస్ అనే ఇద్దరు 1933 జులై 15న న్యూయార్క్‌లో బయల్దేరి, ఎక్కడా ఆగకుండా లిథువేనియాలోని కౌనస్ నగరం చేరాలనుకున్నారు. అట్లాంటిక్ దాటేశారు. ఇంకా 650 కిలోమీటర్లుందనగా, 17వ తేదీన, అప్పటి జర్మనీలోని ఒక అడవిలో కూలిపోయారు. ఇంటికి రావాలని అన్ని వేల కిలోమీటర్లు ఎగిరి, ఇంటి ముంగిట పోయారు. ఆ విమానం శకలాలు కౌనస్ మ్యూజియంలో ఉన్నాయి. వాళ్ల పాత పది లితాల నోటు మీద ఆ ఇద్దరి బొమ్మలే. రెండేళ్లకు, 1935లో, మళ్లీ చందాలతో రెండో విమానం. ఈసారి షికాగోలో పుట్టిన ఫెలిక్సస్ వైత్కుస్ ఒక్కడే ఎక్కాడు. అది కూడా కౌనస్ చేరలేదు. ఎక్కడ దిగిందో తెలుసా? ఐర్లండ్‌లో, మేయో కౌంటీ, బాలిన్‌రోబ్ దగ్గర పొలంలో. మనిషి బతికాడు. అక్క భర్త ఈ కథ చెప్పి, మా వాళ్లందరికన్నా ముందు ఐర్లండ్‌లో దిగినవాడు ఆయనే అనేవాడు. బ్రిటన్‌లో లిథువేనియా సరుకులమ్మే దుకాణాల మీద ఇప్పుడు ఆ విమానం పేరే ఉంటుంది.

2008 చివర్లో ఐర్లండ్‌లో కట్టుబడి పనులు ఒక్కసారి ఆగిపోయాయి. సగం కట్టిన ఇళ్లు అలాగే నిలిచిపోయాయి. అక్క భర్తకు పని పోయింది. ఆరునెలలు చూసి నార్వే వెళ్లాడు, బెర్గెన్‌లో వడ్రంగం. ఆయనలాంటివాళ్లు ఎందరో అలా వెళ్లారు, ఈ రోజు నార్వేలో పోలండ్ వాళ్ల తర్వాత పెద్ద వలస సమూహాల్లో లిథువేనియన్లది ఒకటి. అక్క చెల్లెలు పీటర్‌బరోలో. అమ్మ పల్లెలో. ఒక కుటుంబం నాలుగు దేశాల్లో. ఆ రోజుల్లోనే నేను మీ భాషలో ఇల్లును ఏమంటారని అడిగాను. నమాయ్ అంది. మరి ఒక ఇల్లయితే, రెండిళ్లయితే? అప్పుడూ నమాయే. మన గృహం అన్న అర్థంలో, మనిషి ఉండే చోటు అన్న అర్థంలో ఆ మాట ఎప్పుడూ బహువచనమే. నీళ్లు, పాలు అన్నట్టు. నేను సరదాగా అడిగిన ప్రశ్న అది. ఆవిడ కాసేపు ఊరుకుని, "అవును, ఎప్పుడూ ఆలోచించలేదు" అంది.

డిసెంబర్ 24 రాత్రి వాళ్లకు కూచియోస్. ఏడాది మొత్తంలో పెద్ద పండగ అదే. పన్నెండు వంటకాలు, మాంసం, పాలు, గుడ్లు ఉండకూడదు. తెల్లటి గుడ్డ కింద గుప్పెడు ఎండుగడ్డి పరవాలి. డబ్లిన్‌లో గడ్డి కోసం ఆవిడ బస్సెక్కి ఒక గుర్రాల శాల దాకా వెళ్లి అడిగి తెచ్చేది. నేను చేయగలిగిన సాయం ఒకటే, గసగసాలు. నానబెట్టి, మెత్తగా నూరి, పిండుకుని పాలు తీస్తారు. వేలి కొసంత పిండి ఉండలు కాల్చి ఆ పాలలో వేసుకుంటారు. మా ఇంటి గ్రైండర్ ఆ పని మీద పదేళ్లు వాళ్లింటికి వెళ్లింది.

ఆకాశంలో మొదటి చుక్క కనబడ్డాక కూచోవాలి. లిథువేనియా సమయం ఐర్లండ్ కన్నా రెండు గంటలు ముందు. నేను మొదటిసారి వెళ్లిన ఏడు, అమ్మమ్మను కంప్యూటర్ తెరలో బల్ల చివర కూచోబెట్టారు. అక్కడ చీకటి పడి కొవ్వొత్తి వెలుగుతోంది. "చుక్క పొడిచింది" అందావిడ. మా కిటికీలో ఇంకా పగలే. అమ్మమ్మ చుక్కనే లెక్కలోకి తీసుకుని కూచున్నాం. చర్చిలో ఇచ్చే పల్చటి అప్పంలాంటిదాన్ని ఒకరి చేతిలోది ఒకరు విరుచుకోవాలి. అమ్మమ్మ తెరలో తన ముక్క ముందుకు చాపింది. పిల్ల లేచి వెళ్లి తెర దగ్గర గాల్లో విరిచి, నోట్లో వేసుకుంది. ఆ ఏడు తాతయ్య పోయాడు. బల్ల మీద ఒక ఖాళీ పళ్లెం, పక్కన చిన్న దీపం. డబ్లిన్‌లో ఒకటి, అక్కడ అమ్మమ్మ బల్ల మీద ఒకటి. తిన్నాక బల్ల తీయరు. రాత్రికి పెద్దలు వచ్చి తింటారని అలాగే వదిలేస్తారు. మనం సంక్రాంతికి పెద్దలకు పెట్టుకోమూ! తాతయ్య ఏ బల్లకు వస్తాడని పిల్ల అడిగింది. రెండిటికీ అంది అక్క.

ఇప్పుడు నాకు బాధ కలిగించే సంగతి. భాషలో ఇల్లు బహువచనం, చట్టంలో మాత్రం ఏకవచనం. 1990 మార్చి 11 తర్వాత వెళ్లినవాళ్లు వేరే దేశం పౌరసత్వం తీసుకుంటే, కొన్ని మినహాయింపులు తప్ప, లిథువేనియా పౌరసత్వం పోతుంది. అంతకు ముందు వెళ్లినవాళ్లకు, వాళ్ల సంతానానికి పోదు. రాజ్యాంగంలో ఆ 12వ అధికరణం మార్చాలని 2019 మే 12న ప్రజాభిప్రాయం అడిగారు, మళ్లీ 2024 మే 12న అడిగారు. రెండుసార్లూ ఓటేసినవాళ్లలో ఎక్కువమంది సరేనన్నారు. కానీ ఓటర్ల జాబితాలో ఉన్న మొత్తం జనంలో సగానికి పైగా ఒప్పుకోవాలి. రెండుసార్లూ అంతమంది కాలేదు. చిన్న దేశం, పక్కన రష్యా, వాళ్ల భయాలు వాళ్లకున్నాయి, అవి అబద్ధమని నేననను. షికాగోలో దశాబ్దాలు బతికిన వాల్దస్ ఆదంకుస్‌ను తిరిగొచ్చాక 1998లో అధ్యక్షుణ్ణి చేసుకున్న దేశం కూడా అదే. మన దేశమూ రెండో పౌరసత్వాన్ని ఒప్పుకోదు కాబట్టి, ఆ కాగితం ముందు కూచుని అక్క పడ్డ నొప్పి నాకు విడమరిచి చెప్పక్కర్లేకపోయింది. తను ఐరిష్ పాస్‌పోర్టుకు దరఖాస్తు పెట్టలేదు. ఫారం నింపి, సొరుగులో పెట్టి, ఏడేళ్లుంచి, చించేసింది.

ప్రతి జులై 6న, వాళ్ల కాలమానం రాత్రి తొమ్మిదింటికి, ప్రపంచంలో ఎక్కడున్నా అందరూ జాతీయగీతం పాడతారు. 2009లో మొదలైంది. మాకది సాయంత్రం ఏడు. పిల్ల శనివారం బడిలో నేర్చుకున్న లిథువేనియన్‌తో, ఐరిష్ యాసతో పాడేది. అమ్మమ్మ ఫోన్లో వింటూ ఉచ్చారణ సరిదిద్దేది.

2019 నుంచి ఆ దేశానికి వెళ్లిపోయేవాళ్ల కన్నా వచ్చేవాళ్లు ఎక్కువయ్యారు. జీతాలు పెరిగాయి. ఆ చంటిపిల్లకు పద్దెనిమిది నిండాయి. కౌనస్‌లో చదువుకుంటానంది. అమ్మమ్మ ఊరికి బస్సులో రెండు గంటలు. పంపించడానికి విమానాశ్రయానికి నేనూ వెళ్లాను. వెళ్లిన పదో రోజు రాత్రి ఫోన్ చేసి తల్లితో చాలాసేపు మాట్లాడింది. అక్క తర్వాత నా దగ్గరికొచ్చి కూచుంది. "అక్కడ వాన లేదట, టీ బాగాలేదట. నమో అని ఏడ్చింది" అంది.

తర్వాతి ఆదివారం పార్కింగులో తెల్ల బస్సు దగ్గరికి ఇద్దరం వెళ్లాం. తెచ్చిన పెట్టెలన్నీ దించేశాడు డ్రైవరు, బండి ఖాళీగా ఉంది. అక్క చేతిలో పెట్టె ఉంది. అందులో ఐరిష్ టీ పొట్లాలు, ఉప్పు వెన్న, సోడా రొట్టె, సీసా పగలకుండా చుట్టిన స్వెటర్ ఒకటి. సీసాలో ఉన్నది నేను పెట్టిన మాగాయ, పిల్లకు అది లేకపోతే ముద్ద దిగదు. అక్క మార్కర్ తీసి, మోకాలి మీద పెట్టుకుని, పెట్టె మీద కూతురి పేరు రాసింది, చివర "ఆయితె" అని పూర్తిగా.